పులస చేప: వేలు పోసినా దొరకట్లేదు.. రేటు పెరగడం వెనుక అసలు కథ ఇదీ!

వానాకాలం వచ్చిందంటే చాలు, పులస వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఒక్క చేప వేల రూపాయలు పలికిందన్న వార్త గోదావరి జిల్లాల నుంచి వస్తూనే ఉంటుంది. అది చూసిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జనాలకు ఒక డౌట్ రావడం సహజం. గండికోట, మైలవరం, చిత్రావతి రిజర్వాయర్లలో బొచ్చె, శీలావతి పెరుగుతున్నప్పుడు, పులస పిల్లల్ని కూడా తెచ్చి వదలొచ్చు కదా?

అంత ఈజీ కాదు. కారణం ఆ చేప బతుకు తీరులోనే ఉంది.

సముద్రంలో వలస.. గోదారిలో పులస

బొచ్చె జీవితమంతా మంచినీళ్లలోనే. పులస అలా కాదు. హెర్రింగ్ జాతి కుటుంబానికి చెందిన ఈ చేప బంగాళాఖాతంలో పెరుగుతుంది. అక్కడ దాన్ని వలస అంటారు. జులైలో గోదావరికి ఎర్రనీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడే అది పులస. పిల్లలు కొన్నాళ్లు నదిలో పెరిగి మళ్లీ సముద్రానికి వెళ్తాయి. అంటే దీనికి సముద్రమూ కావాలి, వరదా కావాలి, మధ్యలో అడ్డులేని దారీ కావాలి. డ్యామ్ వెనక నిలిచిన నీళ్లలో ఈ మూడూ ఒకచోట దొరకవు.

దారి ఎక్కడ మూసుకుపోయింది?

గోదావరిలో పులస ప్రయాణం చాలావరకు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరే ఆగిపోతోంది. గంగలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు అలహాబాద్ దాటి వెళ్లిన ఈ చేప, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పైన దాదాపు కనిపించకుండా పోయింది.

రెండో దెబ్బ వలది. గుడ్లతో ఉన్న పులసకే గిరాకీ ఎక్కువ. ఒక్కో ఆడ చేపలో లక్షల గుడ్లు ఉంటాయి. అవి నీళ్లలో పడకముందే కూర అయిపోతున్నాయి.

నిషేధం ఉంది కదా?

ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవలతో వేట బంద్. కానీ పులస నది ఎక్కేది ఆ తర్వాతే! బంగ్లాదేశ్‌లో లెక్క వేరు. ఇదే చేప గుడ్లు పెట్టే అక్టోబర్‌లో 22 రోజులు పట్టడం, అమ్మడం, రవాణా అన్నీ ఆపేస్తారు. వేట మానిన కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని పట్టడంపై నెలల తరబడి నిషేధం ఉంటుంది.

అలాంటి రూల్ ఇక్కడ రావాలంటే ముందు నాలుగు నెలల సంపాదన మీద బతికే మత్స్యకారుడికి భరోసా కావాలి. ఆ ఖర్చు పెట్టకుండా వేట ఆపమంటే ఎవరూ ఆపరు.

"పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అన్న సామెత రుచి గురించి పుట్టింది. ఇప్పుడు పలుకుతున్న రేటు మాత్రం రుచి ఒక్కదానిదే కాదు. నదిలో చేప ఎంత తగ్గిపోయిందో కూడా అదే చెబుతోంది.