ఎవరు పాస్టర్, ఎవరు ఫాదర్? ఛత్తీస్‌గఢ్‌లో పాత వివాదానికి కొత్త అర్థం

2025 జనవరి 7న బస్తర్‌లోని ఛింద్‌వాడా గ్రామంలో ఒక పాస్టర్ చనిపోయారు. ఊరి శ్మశానంలో క్రైస్తవుడిని పూడ్చిపెట్టనివ్వబోమని గ్రామస్థులు అడ్డుకున్నారు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు వెళ్లాడు, అక్కడ ఊరట దొరక్క సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. శవం దాదాపు 20 రోజులు మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. పొలంలో పూడ్చుకోవచ్చని జస్టిస్ బి.వి. నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. అప్పటికే ఆలస్యమైందని, 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్‌లో అంత్యక్రియలు జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఇది మతస్వేచ్ఛకు సంబంధించిన కేసుగా చర్చకు వచ్చింది. అందులో తప్పులేదు. అయితే ఇందులో క్రైస్తవంలోని ఒక పాత వివాదం కూడా దాగి ఉంది. చనిపోయిన మనిషి పెళ్లయినవాడు. ఆ ఊళ్లోనే పొలం, ఇల్లు, పిల్లలు ఉన్నవాడు. ఆయన కథోలిక గురువై ఉంటే భార్యాపిల్లలు ఉండేవారు కాదు. అంత్యక్రియల బాధ్యత బిషప్‌ది, మేత్రాసనానిది అయ్యేది. కోర్టుకెక్కడానికి కొడుకు ఉండేవాడు కాదు, చాలావరకు ఆ అవసరమూ వచ్చేది కాదు. గురువుకు పెళ్లి ఉండాలా వద్దా, అతనికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలు ఇక్కడ వేదాంత తరగతి దాటి శ్మశానం దాకా వచ్చాయి.

రాయపూర్‌లో రెండు దారులు

రాయపూర్ 2004లో కథోలిక అగ్రమేత్రాసనం అయింది. అగ్రపీఠాధిపతిని నియమించేది పోప్. గురువుకు అధికారం బిషప్ చేతుల మీదుగా, అపొస్తలుల నుంచి తెగకుండా వస్తున్న పరంపరలో అందుతుందని ఆ సంఘం నమ్మకం. దివ్యబలి పూజలోనైనా, పాపసంకీర్తనం వినడంలోనైనా గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు. లాటిన్ సంప్రదాయంలో అతను బ్రహ్మచారిగా ఉండాలి.

ప్రొటెస్టెంట్ల దారి ఇక్కడ 1868లో మొదలైంది. జర్మన్ ఇవాంజెలికల్ మిషన్ తరఫున వచ్చిన ఆస్కర్ లోర్ రాయపూర్ ప్రాంతంలో బిశ్రాంపూర్‌ను స్థాపించి సత్నామీల మధ్య పనిచేశాడు. వచ్చింది కుటుంబంతో; కొడుకు జూలియస్ కూడా మిషనరీ అయ్యాడు. ఆ సంప్రదాయం తర్వాత 1970 నవంబర్ 29న నాగ్‌పూర్‌లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా (సీఎన్ఐ)లో కలిసింది. సీఎన్ఐలో బిషప్‌లు ఉంటారు, కానీ పోప్ నియామకం ఉండదు. పెళ్లి చేసుకోవచ్చు, స్త్రీలు కూడా గురువులు కావచ్చు. ఈ రెండింటి పక్కన స్వతంత్ర సంఘాలున్నాయి. అక్కడ దేవుని పిలుపు, సంఘం గుర్తింపు ఉంటే చాలు, పాస్టరే.

తెలుగువారికి ఈ తేడా కొత్తది కాదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య సంసారి. 2013లో పుష్పలలిత సీఎస్ఐ నంద్యాల బిషప్ అయ్యారు. 2022లో కార్డినల్ అయిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని బ్రహ్మచారి. మన పల్లెల్లో ‘పాస్టరమ్మ’ అని గౌరవంగా పిలిచే స్థానం కథోలిక విచారణలో లేదు.

విభేదం ఎక్కడుంది?

బ్రహ్మచర్యాన్ని రోమ్ సిద్ధాంతంగా కాక క్రమశిక్షణగా చూస్తుంది. 1139 నాటి రెండో లాటరన్ మహాసభ గురువుల పెళ్లిళ్లు చెల్లవని తేల్చింది. అయినా తూర్పు కథోలిక సంఘాల్లో పెళ్లయినవారు గురువులవుతున్నారు. ఆంగ్లికన్ల నుంచి వచ్చిన వివాహితులకూ రోమ్ గురుపట్టం ఇచ్చింది. పేతురుకు అత్త ఉన్నట్టు సువార్తే చెబుతోంది కదా అన్నది ప్రొటెస్టెంట్ల వాదన. లూథర్ 1525లో పెళ్లి చేసుకున్నాడు.

గురుత్వం విషయంలో మాత్రం రాజీ కష్టం. విశ్వాసులందరూ యాజకులేనన్నది లూథర్ బోధ. ఆంగ్లికన్ పట్టాభిషేకాలు చెల్లవని పోప్ లియో 13 1896లో ప్రకటించారు. ఆ లెక్కన అజరయ్య అభిషేకాన్నీ రోమ్ గుర్తించదు. అంటే అసలు తగాదా పెళ్లి దగ్గర లేదు, అధికారం దగ్గర ఉంది.

చట్టం కళ్లకు ఎవరు గురువు?

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఈ తేడాను తనలో దాచుకుంది. బిషప్ చేతి పట్టాభిషేకం పొందినవారు తమ సంఘ నియమాల ప్రకారం నేరుగా పెళ్లిళ్లు జరిపించవచ్చు. చాలామంది ఇతర పాస్టర్లకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే పదేళ్ల దాకా జైలు. బిషప్ ఉన్న సంఘానికి ఒక న్యాయం, లేనిదానికి మరో న్యాయం.

మతమార్పిడి చట్టానికి ఆ తేడా పట్టదు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు 1968 నాటి మధ్యప్రదేశ్ చట్టం వారసత్వంగా వచ్చింది. మార్పిడి కర్మ జరిపించిన ‘మత పురోహితుడు’ జిల్లా మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వాలని అది చెప్పింది. ఆ చట్టాన్ని సవాలు చేసింది రాయపూర్‌కు చెందిన కథోలిక గురువు ఫాదర్ స్టెనిస్లాస్. బలోదాబజార్‌లో తనపై ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చాక ఆయన కోర్టుకెక్కారు. ప్రచారం చేసే హక్కులో మరొకరి మతం మార్చే హక్కు లేదని 1977 జనవరి 17న సుప్రీంకోర్టు తేల్చింది. ఓడింది ఒక ఫాదర్, తీర్పు వర్తించింది ప్రతి పాస్టర్‌కూ.

గుంపుకైతే చట్టానికున్నంత లెక్క కూడా లేదు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో మతమార్పిడులపై ఆగ్రహంతో బయల్దేరినవారు కథోలిక చర్చిపై పడ్డారు. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తల పగిలింది. ఆ చర్చిలో పూజ చేసేది ఎవరు, ఊళ్లలో ప్రార్థనలు నడిపేది ఎవరు అని ఎవరూ అడగలేదు. 2025 జూలైలో దుర్గ్ స్టేషన్‌లో ఇద్దరు కేరళ సన్యాసినులను అరెస్టు చేసినప్పుడూ, తమ పిల్లలు ముందే క్రైస్తవులని కుటుంబాలు చెప్పినా బెయిల్‌కు వారం పట్టింది.

‘వాళ్లు మావాళ్లు కాదు’

ఇలాంటి ఒత్తిడిలో పాత సంఘాలకు ఒక మాట తేలిగ్గా దొరుకుతుంది: గొడవంతా బిషప్ లేని పాస్టర్ల వల్లే. ఈ మాటలో కొంత నిజముంది. అజమాయిషీ లేనిచోట తప్పు చేసినవాడిని ఆపేవారుండరు. కానీ బిషప్ ఉన్నంత మాత్రాన జవాబుదారీతనం వచ్చేయదు. 2022 సెప్టెంబర్‌లో ఆర్థిక అక్రమాల ఆరోపణలపై అరెస్టయిన జబల్‌పూర్ బిషప్ అప్పుడు సీఎన్ఐ మోడరేటరే. కథోలిక వ్యవస్థలో బిషప్‌ను తప్పించగలిగేది పోప్ ఒక్కరే. విచారణలోని సామాన్య విశ్వాసికి అందులో ఓటు లేదు.

పైగా ఆ మాట రక్షణా ఇవ్వదు. నారాయణపూర్ అదే చెప్పింది. బ్రహ్మచారి గురువును బదిలీ చేయవచ్చు. ఊరి పాస్టర్ ఎక్కడికి పోతాడు? అతని భార్య అదే బోరింగు దగ్గర నీళ్లు పట్టాలి, పిల్లలు అదే బడికి వెళ్లాలి, చివరికి అతను అదే మట్టిలో కలవాలి. గురువుకు సంసారం ఉండాలన్నవారి వాదనలో బలం ఇదే, ఛత్తీస్‌గఢ్‌లో ఆ పాస్టర్ల బలహీనతా ఇదే.

గురుత్వంపై తగాదా 500 ఏళ్లది. రాయపూర్‌లో అది తీరేదీ కాదు, తీరాలని పట్టుబట్టనక్కర్లేదు కూడా. ఒకరి పట్టాభిషేకాన్ని మరొకరు గుర్తించకపోయినా, ఒకరి శవానికి మరొకరు తమ శ్మశానంలో చోటివ్వవచ్చు. కోర్టు ఖర్చులో, పోలీస్ స్టేషన్‌లో తోడుండవచ్చు. ఛింద్‌వాడా పాస్టర్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఆయన కొడుకు. ఇంకో ఊళ్లో ఇంకో పాస్టర్ చనిపోయినప్పుడు ఆ కొడుకు వెంట ఎవరు నిలబడతారన్నదే ఇప్పుడు ఆ సంఘాల ముందున్న ప్రశ్న.