చేతికింద పని

పోయిన శుక్రవారం పొద్దున్నే రాజంపేట నుంచి ఫోను. మా మేనత్త మనవడు. ఇంటర్ తప్పాడు, రెండేళ్ళుగా ఊళ్ళో బిల్డింగు పనులకి పోతున్నాడు.

"మామా, కువైట్‌కి ప్లంబర్ హెల్పర్ వీసా ఉందంట. జీతం 80 దినార్లు. రూమూ తిండీ కంపెనీదే. ఏజెంటు లక్షా ఎనభై అడుగుతాండాడు. కట్టేదా?"

వద్దురా అనబోయి ఆగాను. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడి తిండి తింటున్నవాడిని, వద్దనే హక్కు నాకెక్కడిది? సాయంత్రం చెబుతానని పెట్టేసి, కాగితం తీసుకుని కూర్చున్నా.

దినారు 280 రూపాయలు అనుకుందాం. 80 దినార్లంటే దాదాపు 22,400. వాడికి ఊళ్ళో రోజు కూలి 700. నెలకి 26 రోజులు పని దొరికితే 18,200. తేడా 4,200. ఆ లక్షా ఎనభై నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు, మా వైపు అంతకు తక్కువకి పుట్టదు. నెలకి వడ్డీ 3,600. మిగిలింది 600! అసలు సంగతి దేవుడెరుగు.

ఊళ్ళో 26 రోజులూ పని ఉండదు, వానొస్తే కూలీ రాదు, తిండి ఖర్చు సొంతం. నిజమే. అవన్నీ వేసి చూసినా మొదటి రెండేళ్ళు వాడు అప్పుకోసమే పని చేయాలి. పైగా లైసెన్సున్న ఏజెంటు చట్టప్రకారం తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. మిగతా లక్షన్నర దేనికో ఏజెంటునే అడగాలి. ఎవరూ అడగరు.

2005 ప్రాంతంలో లెక్క ఇలా ఉండేది కాదు. దినారు 150 రూపాయలే అయినా, మా ఊళ్ళో కూలి నాకు గుర్తున్నంతలో వంద దాటేది కాదు. 60 దినార్ల హెల్పరు కూడా ఇంటికి 9,000 పంపితే ఊళ్ళో మూడు నెలల కూలి. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు కనిపించే డాబాల్లో చాలావాటికి పునాది అదే. ఆ డాబాలు చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు ఫోన్లు చేస్తున్నారు. ఈ మధ్యలో ఊళ్ళో కూలి ఏడింతలైంది, ఇక్కడ హెల్పరు జీతం 60 నుంచి 80 అయింది. ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. శెలవుకి వెళ్ళినవాడు సెంటు సీసాలు పంచుతాడు కానీ జీతం కాగితం చూపించడు కదా.

నా సంగతీ చెప్పుకోవాలి. నన్ను తెచ్చింది కూడా మధ్యవర్తే. కన్సల్టెన్సీ అంటే కాస్త పెద్దమనిషిలా ఉంటుంది, అంతే. టికెట్టు వాళ్ళదే, వీసా ఖర్చు వాళ్ళదే. మొదటి మూడు నెలలు నాకేమీ రాదు, పక్కవాడి కోడు చూస్తూ కూర్చున్నా. దానికీ జీతమిచ్చారు. ఏమీ రానివాడికి పని నేర్పి, నేర్చుకున్నందుకు డబ్బిచ్చి, రెండేళ్ళకోసారి హోదా పెంచడం మా వృత్తిలో మామూలు. అదంతా నా తెలివి వల్లే అని చాన్నాళ్ళు అనుకున్నాను (ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటా).

పోయిన జులైలో మా బాత్రూంలో పైపు లీకైంది. కువైట్ ఎండాకాలం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పైన ట్యాంకులో నీళ్ళు ఉడికిపోతాయి. గీజరు ఆపేసి, వేడినీళ్ళ పంపు తిప్పితే వచ్చేవే కాస్త చల్లటి నీళ్ళు. హారిసు ఇద్దరిని పంపాడు. ఒకాయన దగ్గర పైపులు అతికే మిషను, రెండో ఆయన భుజాన సంచి. పైపు పట్టుకుని ఏదో గొణుక్కుంటుంటే తెలుగని తెలిసింది. భీమవరం పక్క. టీ ఇచ్చి మాటల్లో పెట్టాను.

ఆ పైపుల్ని పీపీఆర్ అంటారు. మిషను 260 డిగ్రీలకి వేడెక్కాక పైపునీ సాకెట్టునీ దానికి ఆనించి, కరిగీ కరగకుండా తీసి ఒకదాంట్లో ఒకటి గుచ్చాలి. 20 మిల్లీమీటర్ల పైపుకి 5 సెకన్లు. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే ప్లాస్టిక్ లోపలికి కరిగి దారి పూడుకుపోతుంది. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఐదు సెకన్లే ఆ వృత్తికి ప్రాణం అనిపించింది నాకు.

"ఎన్నేళ్ళైందండీ వచ్చి?"

"పన్నెండండి."

"మిషను మీరూ పడతారా?"

"మేస్త్రీగారు శెలవుకెళ్తే పడతానండి. కాయితం మీద హెల్పర్నే కదండీ. మేస్త్రీ పని చేసినా అదే జీతం. ఇంక నేర్చుకుని ఏం చేసుకుంటామండీ."

మన ఊళ్ళల్లో అలా కాదు. చేతికింద కుర్రాడు మొదట ఇసక జల్లిస్తాడు, మాలు కలుపుతాడు, గమేళా మోస్తాడు. ఏడాది తిరిగాక మేస్త్రీ, ఎవరికీ కనపడని వెనకగోడ చూపించి తాపీ చేతికిస్తాడు. తిడతాడు, చెడగొట్టింది గీకేయిస్తాడు, మళ్ళీ ఇస్తాడు. మూడో ఏటికి అరమేస్త్రీ, కూలి పెరుగుతుంది. ఇక్కడ ఆ వెనకగోడ లేదు. చిన్న మరమ్మతుల కొట్లో పడినవాడు అంతో ఇంతో నేర్చుకుంటాడు గానీ, పెద్ద సైట్లో పడితే పదేళ్ళూ పైపులు మోయడమే.

కాగితం మీద పేరుకి ఇక్కడెంత విలువో మాకు 2018లో తెలిసొచ్చింది. ఇంజనీర్ల డిగ్రీలకి కువైట్ ఇంజనీర్ల సొసైటీ ఒప్పుకోలు కావాలన్నారు. మన ఎన్‌బీఏ గుర్తింపు లేని కాలేజీలు చెల్లవన్నారు. ఏళ్ళ తరబడి ఇంజనీర్లుగా చేసినవాళ్ళు ఇకామా రెన్యువల్ కోసం హోదా మార్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఎంత గోల చేశామో! భీమవరం ఆయన పన్నెండేళ్ళుగా అదే అవస్థలో ఉన్నాడు, ఒక్కడూ గోల చేయలేదు.

సాయంత్రం ఫోను చేసి చెప్పా. రావొద్దని కాదు, హెల్పరుగా రావొద్దు. ఏడాది ఊళ్ళోనే ప్లంబరు మేస్త్రీ దగ్గర పని చెయ్, ఆ మిషను పట్టు. న్యాక్ లాంటి చోట సర్టిఫికెట్ తెచ్చుకో. ప్లంబర్ అని రాసున్న వీసా మీద రా. ఖాదిం వీసా మీద వచ్చి బయట పని చేసుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మొద్దు. అది 20 నంబరు, ఇంటి పనికి మాత్రమే. బయట దొరికితే నేరుగా విమానం ఎక్కిస్తారు. ఎక్కడ పడుకోబెడతారో కూడా అడుగు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి 40 మందికి పైగా మనదేశం వాళ్ళు పోయారు. అందులో ముగ్గురు ఆంధ్రావాళ్ళు.

మా మేనత్త ఫోను లాక్కుంది. "ఏం అల్లుడా, నువ్వు పోయి బాగుపడితివి. మావాడు పోతాననేసరికి నీకు లెక్కలు గుర్తొచ్చెనా?"

నిజంగా నా దగ్గర జవాబు లేదు. లెక్క మళ్ళీ చెప్పబోయా, వినలేదు.

నిన్న వాడే మళ్ళీ చేశాడు. ఏజెంటు నెలాఖరు దాకా గడువిచ్చాడట. "ఏడాది ఆగితే ఈ వీసా పోతాది గదా మామా?"

పోతుందన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ మిషను ఈడ ఎంతుంటాదో కనుక్కుంటా" అని పెట్టేశాడు.