విశ్రాంతి భిక్ష కాదు, హక్కు

ప్రతి సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు కార్యాలయములందు ఉపన్యాసములు వినవచ్చును. గోడలపై పటములు వెలయును. ఉద్యోగి చిరునవ్వుతో నుండవలెననియు, శ్వాసను క్రమపరచుకొనవలెననియు హితవు చెప్పబడును. మరునాడు అదే ఉద్యోగి ఉదయము తొమ్మిది గంటలకు పనిలో చేరి రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరును. ఆ హితవునకును ఈ పన్నెండు గంటలకును సంబంధమేమని అడుగువారు లేరు. మేము అడుగుచున్నాము. మనస్సు నలుగుట మనిషి దౌర్బల్యమా, పనిపద్ధతి దోషమా? దోషము పద్ధతిలో నుండగా మందు మనిషికి పోయుట ఏ వైద్యము? పనిగంటలకు హద్దు, జీతమునకు నమ్మకము, సెలవునకు గౌరవము లేనిచోట మనశ్శాంతిని గూర్చిన ఉపన్యాసము ఆకలిగొన్నవానికి వంటకముల పేర్లు వినిపించుట వంటిది.

"ఇది పట్నపు కంప్యూటరు ఉద్యోగుల వేడుక, మన జిల్లావారు గట్టివారు, వారికి ఈ మనోవ్యాధులు లేవు" అని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. వారు ఒకసారి బోధనుకు పోయి శక్కర్‌నగరు వీథులలో నడచి రావలయును. 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీర నీటిని ఈ భూములకు పంపెను, చెరకు పెరిగెను, 1937లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొనెను. చక్కెరయే ఊరి పేరైనది. తండ్రి పనిచేసినచోటనే కొడుకు చేరిన కుటుంబములు గలవు. 2002లో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులు మూడింటను లే-ఆఫ్ ప్రకటింపబడెను. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు లిక్విడేషనుకు ఉత్తరువు చేసెను. 2024లో ప్రభుత్వము పునరుద్ధరణ విషయమై సంఘమును నియమించెను.

ఇందులో లే-ఆఫ్ అను మాటను న్యాయవాదులమైన మేము కొంత విప్పి చెప్పవలసియున్నది. చట్టము దృష్టిలో అది ఉద్యోగము తీసివేయుట కాదు. పని ఇయ్యలేని తాత్కాలిక స్థితి మాత్రమే. పారిశ్రామిక వివాదముల చట్టము అట్టివారికి సగము వేతనమును పరిహారముగా చెప్పినది. కాని తాత్కాలికమన్నది సంవత్సరములు సాగినచో ఏమగును? బర్తరఫైనవాడు ఏడ్చియైనను వేరుదారి వెదకికొనును. లే-ఆఫైనవాడు పనివాడును గాడు, పనిలేనివాడును గాడు. ప్రతి ఎన్నికలయందును గేటు తెరచుకొనునను మాట విని, ప్రతి గానుగ కాలమందును గొట్టమువంక చూచుచు కూర్చుండును. పిల్ల పెండ్లి నిశ్చయింపలేడు. కొడుకును చదువునకు పంపుటయో గల్ఫునకు పంపుటయో తేల్చుకొనలేడు. ఆశ చావక, ఆధారము దొరకక బ్రతుకుటకంటె మనస్సునకు వేరు హింస గలదా? ఈ బాధకు శ్వాసాభ్యాసము మందు కాదు. రావలసిన బాకీ ఇంతయని, ఫలానా తేదీన చెల్లింపబడునని వ్రాసియిచ్చిన కాగితమే మందు.

ఇక నిజామాబాదు జిల్లా బీడీ కార్మికురాలిని చూడుడు. పనికిని సంసారమునకును నడుమ సమతూకము నిలుపుకొనవలెనని పెద్ద పెద్ద కంపెనీలు బోధించుచున్నవి. ఆమె కొంపయే కార్ఖానా. ఒడిలోని చాటయే యంత్రము. బియ్యము ఉడుకుచుండగా తునికాకు కత్తిరించును. బిడ్డను జోకొట్టుచు తంబాకు నింపును. తంబాకు దుమ్మును ఇల్లంతయు పీల్చును. పని ఎక్కడ ముగియును? ఇల్లు ఎక్కడ మొదలగును? 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము కార్ఖానాలో పనిచేయువారికి దినమునకు తొమ్మిది గంటలు, వారమునకు 48 గంటలు హద్దు పెట్టినది. ఇంట చుట్టు ఆమెకు గడియారమే లేదు. కూలి గంటలకు కాదు, వేయి బీడీల లెక్కకు. చుట్టినవానిలో కొన్నిటిని నాసిరకమని తోసివేసినచో ఆ శ్రమకు కూలి రాదు. అందుచేత ప్రతి సాయంకాలమును ఆమెకు పరీక్షా సమయమే. కార్మికుల సంక్షేమమునకై బీడీలపై వసూలగుచుండిన సుంకమును గూడ 2017లో రద్దు చేసిరి. ఆమె తలనొప్పిని, నిద్రలేమిని, కారణము తెలియని దుఃఖమును మనము "ఆడవారి బాధలు" అని త్రోసివేయుచున్నాము. ఆ బాధలకు పేరు గలదు, కారణము గలదు; కావలసినది మనకు సిగ్గు.

పట్టణములోని చదువుకొన్నవారి స్థితి మాత్రము మేలా? ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు పగలు పాఠములు చెప్పి, సాయంకాలము పిల్లలను చేర్పించుటకై ఇంటింటికి తిరుగుచున్నాడు. ఫైనాన్సు కంపెనీ కుర్రవాడు వాయిదా వసూలు కానినాడు తన జీతమునకై భయపడుచున్నాడు. పూర్వము దుకాణము తలుపు మూసిన పిమ్మట గుమాస్తా స్వతంత్రుడు. నేడు యజమాని ఆజ్ఞ సెల్‌ఫోనులో కూర్చుండి అతని పడకగదిలోనికి వచ్చుచున్నది. పిలుపునకు పలుకకున్న మరునాడు ముఖము చూడరు. జీతము పది గంటలకు, దాస్యము ఇరువదినాలుగు గంటలకు! ఫ్రాన్సు దేశమున పనివేళ ముగిసిన పిదప ఇట్టి పిలుపులనుండి విడివడు హక్కును 2017 జనవరి నుండి చట్టములో చేర్చిరి. అచ్చట సూర్యుడు ఉదయించుట మానలేదు; వర్తకమును నిలిచిపోలేదు.

"దేశనిర్మాణమునకు కష్టపడవలదా?" అను ప్రశ్న వెంటనే వచ్చును. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలయుననిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులు 90 గంటలవరకు పోయి, ఆదివారమును సైతము కోరిరి. దేశభక్తిని మేము ఎవరికిని తీసిపోక చాటువారమే. కాని దేశమును నిర్మించువాని దేహము కూలుచుండగా నిర్మాణమెట్లు నిలుచును? ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము 2016 ఒక్క సంవత్సరమున దీర్ఘమైన పనిగంటల మూలమున పక్షవాతముచేతను గుండెజబ్బుచేతను 7 లక్షల 45 వేలమంది మరణించిరి. వారమునకు 55 గంటలు మించి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు చేయువారికంటె, పక్షవాతపు ముప్పు నూటికి 35 వంతులు హెచ్చు. 90 గంటలు కోరువారు ఈ లెక్క చూచియే కోరుచున్నారా?

"మా వ్యాపారము దెబ్బతినును" అను యజమానికిని ఒక లెక్క గలదు. మనోవ్యాకులతచేతను ఆందోళనచేతను లోకమున ఏటేట 1200 కోట్ల పనిదినములు వ్యర్థమగుచున్నవని ఆ ఆరోగ్య సంస్థయే చెప్పుచున్నది. నిద్రలేని గుమాస్తా లెక్క తప్పును. అలసిన డ్రైవరు మలుపు తప్పును. ఎద్దునకైనను నాగలి విప్పి నీరు పెట్టి నీడను కట్టుట ఎరిగిన రైతుల సంతానము, మనిషి విషయమున ఆ మాత్రము ఎరుగదా?

పనిగంటల హద్దు ఎవరో దయతో ఇచ్చినది కాదు. బ్రిటిషిండియాలో 1934 నాటి చట్టము చక్కెర వంటి ఋతు కర్మాగారములకు వారమునకు 60 గంటలు అనుమతించినది. మద్రాసు మిల్లు కార్మికులు 1918లో సంఘము కట్టిరి. దేశమంతట సమ్మెలు జరిగెను. డాక్టరు అంబేడ్కరు 1942 నుండి వైస్రాయి మండలిలో కార్మిక శాఖ వహించి ఎనిమిది గంటల దినమునకై పాటుపడెను. 1948 చట్టము 48 గంటల హద్దును స్థిరపరచెను. రాజ్యాంగములోని 43వ అధికరణము కార్మికునకు జీవనవేతనముతోపాటు తీరికను సంపూర్ణముగా అనుభవించు అవకాశమును గూడ కల్పింప యత్నించుమని రాజ్యమును ఆదేశించుచున్నది. తీరిక! రాజ్యాంగము వ్రాసినవారు సోమరులు కారు. తీరిక లేనివాడు పత్రిక చదువడు, సభకు రాడు, బిడ్డతో మాటలాడడు. అట్టివాడు ఓటరు పట్టీలో పేరు మాత్రమే, పౌరుడు కాడు. ఇట్టి రాజ్యాంగము క్రింద నుండియు, 2025 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వము దుకాణములు తప్ప తక్కిన వాణిజ్య సంస్థలలో దినమునకు పది గంటల పనిని అనుమతించినది. వారమునకు 48 గంటల హద్దు మిగిలియున్నదని సమాధానము చెప్పుచున్నారు. పదవ గంటను అనుమతించిన చేతికి పదునొకండవ గంట దూరమా?

చట్టములు బొత్తిగా లేవని మేము చెప్పము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రతివానికిని చికిత్స పొందు హక్కును, రోగవిషయము గుప్తముగా నుండు హక్కును ఇచ్చినది. 2022లో ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును. మన నిజామాబాదులోనే 2013 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల గలదు. బాధపడువారు సిగ్గుపడక వీని సాయము పొందవలయును. కాని ఫోను సంఖ్య గంటలను తగ్గింపదు, బాకీని చెల్లింపదు. చికిత్స పడిపోయినవానికి, న్యాయము పడకుండ కాపాడుటకు.

కావున మా కోర్కెలు ఇవి. దుకాణములందును పాఠశాలలందును జీతము కోయని వారపు సెలవు నిజముగా దొరకుచున్నదో లేదో కార్మిక శాఖాధికారులు స్వయముగా వచ్చి, గుమాస్తాలను చాటుగా అడిగి తెలిసికొనవలయును. పనివేళ దాటిన పిమ్మట పిలుపునకు పలుకలేదని ఎవనిని శిక్షింపరాదు. తోసివేసిన బీడీల లెక్కను కార్మికురాలి ఎదుటనే వ్రాసి చీటీ ఇయ్యవలయును. మూతబడిన మిల్లు ఏ రూపమున పునరుద్ధరింపబడినను, కార్మికుల బాకీలకు తేదీ నిర్ణయించిన పిదపనే తక్కిన మాట. సంక్షేమాధికారి ఉండవలసిన ప్రతి కర్మాగారమునకును నెలకొకసారి మానసిక వైద్యుడు రావలయును. అతనితో చెప్పుకొన్న మాట యజమాని చెవిని పడరాదు.

పఠనాలయములందు ఈ పత్రిక చదువు సోదరులకు తుదిగా ఒక్క మాట. ప్రభుత్వమును, పెద్ద కంపెనీలను నిందించుట సులభము. మనలో అనేకులము వర్తకులము, వకీళ్లము, పాఠశాలల నడుపువారము. మన దుకాణపు గుమాస్తా నేడు ఏ గంటకు ఇల్లు చేరినాడు? మన జూనియరు ప్లీడరు కడపటి ఆదివారమును ఎక్కడ గడిపినాడు? మన యింట పనిచేయు ఆమెకు వారమున ఒక పూటయైన సెలవు గలదా? స్వరాజ్యమనగా తనపై తనకు అధికారము. రోజులో కొన్ని గంటలైనను తనవి గానివానికి ఏ స్వరాజ్యము వచ్చినట్లు? ఈ వారము మీ దుకాణము తలుపులు వేళకు మూయుడు. మీ గుమాస్తాను వెలుగుండగానే ఇంటికి పంపుడు. శాసనసభను అడుగుటకు మనకు నోరు అప్పుడు వచ్చును.