శాలువా సరే, టికెట్ సంగతేమిటి?

ఆగస్టు 15న జెండా దగ్గర నిలబెట్టి శాలువా కప్పుతాం. మర్నాడు అదే మాజీ సైనికుడు భార్యాబిడ్డలతో ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కో, బెలుం గుహలకో వెళితే కౌంటరు ముందు వరుసలో ఒక మనిషి, అంతే. ప్రభుత్వ పార్కుల్లో, పర్యాటక స్థలాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవారికి ప్రవేశం ఉచితం కావాలి. దయతలిచి ఇచ్చే రాయితీగా వద్దు, రాష్ట్రమంతటా చెల్లే హక్కుగా కావాలి.

సిపాయిగా చేరినవాడు చాలాసార్లు నలభై ఏళ్లలోపే ఇంటికొస్తాడు. పిల్లలు మాటలు నేర్చే వయసులో ఆయన సియాచిన్‌లోనో తవాంగ్‌లోనో ఉంటాడు. ఏడాదికి ఒకట్రెండు సెలవులు, అందులో సగం పొలం పంచాయితీలకు, పెళ్లిళ్లకు సరి. ఆ కుటుంబం కలిసి గడపలేకపోయిన కాలానికి వెల కట్టలేం. కనీసం ఇప్పుడు కలిసి వెళ్లే చోట టికెట్ అడగకుండా ఉండగలం.

అమెరికా 2021 డిసెంబరులో దీన్ని చట్టంలో పెట్టింది. 2022 నవంబరు 11 నుంచి అక్కడి మాజీ సైనికులకు, విధుల్లో ప్రాణాలిచ్చినవారి కుటుంబాలకు జాతీయ పార్కుల్లో జీవితకాలం ఉచిత పాస్. మామూలు పౌరులు ఏడాది పాస్‌కు 80 డాలర్లు కడతారు. మన దగ్గరేమో యూనిఫాం విప్పితే మర్యాదా పోతుంది. రోడ్డు టోల్ సంగతీ అంతే, 1901 నాటి టోల్ చట్టం కింద మినహాయింపు సర్వీసులో ఉండి డ్యూటీ మీద వెళ్లేవారికే.

సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, గుంటూరు మిరప చేలకు పోయే కూలీకి లేని సదుపాయం మిలిటరీ ఆయనకెందుకని కర్నూలు జిల్లా ఆలూరులోనే అడుగుతారు. అడగాల్సిన మాటే. కానీ ఆ కూలీకి కావాల్సింది పొలానికి వేదవతి నది నీళ్లు, ఊళ్లోనే పని. మాజీ సైనికుడి టికెట్ డబ్బులతో అవి రావు. ఇక ఆదాయం పోతుందన్న వాదన నిలవదు. పదిమంది ఊరికే లోపలికి వెళ్లినంత మాత్రాన గుహలో దీపాల ఖర్చు పెరగదు.

ఉత్తర్వు ఎలా రాస్తారన్నదే అసలు సమస్య. 'మాజీ సైనికులు' అని మాత్రమే రాస్తే అగ్నివీరులకు తలుపు మూసినట్టే, వాళ్లకు ఆ హోదా లేదు. 2022 చివర్లో చేరిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్ల గడువు 2026 చివర్లో తీరుతుంది, నలుగురిలో ముగ్గురు ఇంటిదారి పట్టాల్సిందే. వాళ్ల పేరు ఉత్తర్వులో ఉండాలి. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్‌లలో పనిచేసినవారు, అమరుల భార్యలు కూడా ఉండాలి. నిర్వహణను కాంట్రాక్టర్లకు అప్పగించిన చోటా ఆ ఉత్తర్వు చెల్లాలి.

కొత్త కార్డు, కొత్త దరఖాస్తు అక్కర్లేదు. ఆలూరు, హొళగుంద నుంచి ఒక సంతకం కోసం కర్నూలు సైనిక సంక్షేమ కార్యాలయానికి బస్సెక్కితే, టికెట్‌లో మిగిలేదానికంటే చార్జీలకే ఎక్కువవుతుంది. డిశ్చార్జి పుస్తకమో, చేతిలో ఉన్న గుర్తింపు కార్డో చూపితే లోపలికి పంపాలి.

జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షులు. ఓర్వకల్లు కర్నూలు జిల్లాలోనే ఉంది. బోర్డు వచ్చే సమావేశంలోనే తీర్మానం చేసి అక్కడ అమలు మొదలుపెట్టించాలి. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ఎమ్మెల్యేలు దాన్ని పర్యాటక శాఖ మంత్రి ముందు పెట్టి, రాష్ట్రమంతటికీ ఉత్తర్వు తేవాలి.