అలసట లెక్కల్లో రైతు ఎక్కడ?

1997లో 'నేచర్' పత్రికలో ఒక్క పేజీ వ్యాసం వచ్చింది. రాసినవారు ఆస్ట్రేలియాలో నిద్ర మీద పరిశోధన చేసే డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్. 40 మందిని తీసుకున్నారు. ఒకసారి రోజు దాటినా నిద్రపోనివ్వకుండా మేలుకొని ఉంచారు, ఇంకోసారి అరగంట అరగంటకూ మద్యం తాగించారు. రెండుసార్లూ కన్ను, చెయ్యి కలిసి ఎంత బాగా పనిచేస్తున్నాయో కంప్యూటరు మీద పరీక్షించారు. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానంగా ఉంది. 24 గంటలు దాటితే సుమారు 100 మిల్లీగ్రాములకు సమానం. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు పెడుతుంది.

ఈ లెక్కను మన ఊరికి తెచ్చి చూడండి. తెల్లవారుజామున 5 గంటలకు లేచిన రైతుకు రాత్రి 10కి 17 గంటలు నిండుతాయి. అప్పుడు కరెంటు వచ్చిందని బోరు దగ్గరికి బయలుదేరతాడు. తడి కాళ్లతో స్టార్టరు ముట్టుకుంటాడు, ఫ్యూజు పోతే తనే వేస్తాడు, సెల్‌ఫోన్ లైటుతో గట్టు మీద నడిచి మడవ మారుస్తాడు. మనిషి చుక్క ముట్టలేదు. చెయ్యి మాత్రం తాగినవాడి చెయ్యే.

డాసన్ ప్రచురణల పట్టిక పొడుగైనది. అందులో ఎక్కువగా కనిపించేది రైలు డ్రైవర్లు, విమాన సిబ్బంది, గని కార్మికులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. ఇందులో ఆయన్ని తప్పు పట్టేదేమీ లేదు. రైలు పట్టాలు తప్పితే కంపెనీకి కోట్ల నష్టం, విచారణ, పరిహారం. కనుక అలసట మీద పరిశోధనకు కంపెనీ డబ్బు పెడుతుంది. బోరు దగ్గర రైతు పడిపోతే నష్టం ఎవరిది? ఆ ఇంటిది. అది ఏ సంస్థ పద్దులోనూ పడదు కాబట్టి పరిశోధనకు డబ్బు పెట్టేవాళ్లూ ఉండరు.

అదే పట్టికలో మనకు పనికొచ్చే ఇంకో వ్యాసం ఉంది. 2005లో డాసన్, మెక్‌కలక్‌తో కలిసి రాసింది. డ్యూటీ గంటలు లెక్కపెడితే చాలదు, నిద్ర గంటలు లెక్కపెట్టాలి అన్నారు. గత 24 గంటల్లో 5 గంటలు, గత 48 గంటల్లో 12 గంటలు నిద్ర పడకపోతే ఆ మనిషిని పనికి పంపే ముందు ఆలోచించాలన్నది వాళ్ల సూచన. సేద్యానికి డ్యూటీ చార్టు లేదు, హాజరు పట్టీ లేదు. కానీ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని ఎవరినైనా అడగవచ్చు. ముందు ఇంట్లో ఆడవాళ్లనే అడగండి. పత్తి ఏరే రోజుల్లో వంట ముగించి పొద్దు పొడవక ముందే ట్రాలీ ఎక్కి, రాత్రి అంట్లు తోమాక పడుకునే మనిషి చెప్పే అంకె వింటే మిగతా లెక్క అక్కర్లేదు.

ఆ ట్రాలీ సంగతీ చూడాలి. దుక్కుల సీజన్లో ట్రాక్టరు కిరాయి గంటల లెక్కన నడుస్తుంది. రాత్రంతా దున్నిన డ్రైవరే పొద్దున కూలీలను ఎక్కించుకుంటాడు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే రోజుకు 9 గంటలన్నది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో 8 గంటలన్నది. పొలం డ్రైవరుకు గడియారం చూసేవాళ్లు లేరు. ట్రాలీ బోల్తా పడితే 'అతివేగం, నిర్లక్ష్యం' అని రాసి కాగితం మూసేస్తారు.

తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. మరణానికి కారణం ఏదైనా 5 లక్షలు ఇస్తుంది. మంచి పథకమే, ఉండాలి. అయితే చెక్కు వచ్చాక ఆ రైతు ఎందుకు పోయాడని ఎవరూ అడగరు.

పగటిపూట 9 గంటల కరెంటని ఆంధ్రప్రదేశ్‌లో, 24 గంటలని తెలంగాణలో ప్రభుత్వాలు ప్రకటించాయి. ప్రకటన వేరు, ఫీడరు చివరన ఉన్న ఊరు వేరు. పగటి కరెంటును మనం ఇంతకాలం పంట కోసం అడిగాం. ఇకపై ప్రాణ భద్రత కింద అడగాలి. తప్పనిసరై రాత్రి ఇస్తే ఏ ఫీడరుకు ఏ వేళ అన్నది వారం ముందే ఊళ్లో బోర్డు మీద రాయాలి. వేళ తెలిస్తే రైతు మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాడు. తెలియకపోతే రాత్రంతా కరెంటు కోసం కాచుకుంటాడు, నిజానికి మనిషిని ఎక్కువ తినేది ఈ కాచుకోవడమే.

వ్యవసాయంలో శ్రమ, భద్రత మీద ఐసీఏఆర్ కింద అఖిల భారత సమన్వయ పథకం ఉంది. పనిముట్లు మనిషి ఒంటికి ఎలా సరిపడాలో కొలుస్తుంది. ఆ కొలతల్లో నిద్ర గంటలకూ ఒక గడి పెట్టమని మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలను అడగాలి. అందాకా గ్రామ కమిటీలు ఒక నోటు పుస్తకం తెరవవచ్చు. తేదీ, కరెంటు వచ్చిన వేళ, పోయిన వేళ, ఆ రాత్రి పడుకున్న గంటలు, జరిగిన ప్రమాదం. ఇవే గడులు. ఈ రబీ నాట్లప్పుడు మొదలుపెడితే కోతల నాటికి సబ్‌స్టేషన్ ముందు పెట్టడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.