వాణిజ్య విద్యార్థులు – ల్యాప్‌టాపులు

విశాఖపట్టణమునందలి ఐ.ఐ.ఎమ్.లోనో, హైదరాబాదునందలి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లోనో, విదేశ విద్యాలయములలోనో వ్యాపార నిర్వహణ విద్యకై పోవు మన యువకులలో బ్యాంకు ఋణముతో పోవువారు ఎందరో కలరు. చదువునకు వలసిన కంప్యూటరు ఖరీదును సైతము ఆ ఋణములో చేర్చుకొనుటకు బ్యాంకులు సామాన్యముగా అంగీకరించుచున్నవి. చేర్చవచ్చును గదా యని మిక్కిలి ఖరీదైన దానిని కొనుట వివేకము గాదు. ఆ వడ్డీని చెల్లింపవలసినది తల్లిదండ్రులో, రేపటి మొదటి జీతములో.

దుకాణమున అడుగిడినంతనే రంగుదీపములతో మెరయు ఆటల ల్యాప్‌టాపును ముందు చూపుదురు. అది తరచు రెండు కిలోలకు పైబడి తూగును. దాని గ్రాఫిక్సు కార్డు బ్యాటరీని హరించును. దినమెల్ల తరగతినుండి తరగతికి మోసికొని తిరుగు విద్యార్థికి దానితో నేమి ప్రయోజనము? ఎక్సెల్ పట్టికలు, కేసుల పఠనము, నివేదికల రచన: అతని పని యింతియే. పదునాలుగు అంగుళముల తెర, కిలోన్నరకు మించని బరువు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్సెస్‌డీ చాలును. పలుచని యంత్రము లనేకములలో ర్యామ్ లోపలి పలకకే అతుకబడి యుండును. తరువాత పెంచుకొందమన్న వీలుపడదు. కావున 8 జీబీతో సరిపుచ్చుకొనుట పొదుపు గాదు.

మ్యాకా, విండోసా యను ప్రశ్నకు చరిత్ర చిత్రమైనది. హార్వర్డు బిజినెస్ స్కూలు విద్యార్థియైన డాన్ బ్రిక్లిన్‌కు 1978లో తోచిన యూహ, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో 1979లో వీసీకాల్క్ అను లెక్కల పట్టికయై ఆపిల్-2 యంత్రముపై వెలువడెను. ఎక్సెల్ సైతము 1985లో మొదట మాకింటాషునకే వచ్చెను. విండోసునకు 1987లో గాని రాలేదు. నేడు పరిస్థితి తారుమారైనది. మ్యాకు ఎక్సెల్‌లో పవర్ పివట్ లేదు. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోసుపై మాత్రమే నడచును. 2020 నుండి వచ్చిన ఆపిల్ సొంత చిప్పు మ్యాకులలో బూట్ క్యాంపుతో విండోసు నెక్కించుకొనుటయు సాధ్యము గాదు. మ్యాకు చెడ్డదని మా యభిప్రాయము గాదు. బ్యాటరీ విషయమున దాని కీర్తి న్యాయమైనదే. కళాశాలవారు పంపు సూచనల పత్రమును ముందుగా చదువవలెను. దానిని చదివిన పిమ్మటను సందేహము తీరనివాడు విండోసునే యెన్నుకొనుట క్షేమము.

పాత యంత్రమును చౌకగా కొనగోరువారికి ఒక హెచ్చరిక. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు తగని యంత్రమును ఎంత చౌకకు ఇచ్చినను వలదు.

ఇక హామీ పత్రము. సన్నని యక్షరములను చదువుట మా వకీళ్లకు వృత్తి గనుక చెప్పుచున్నాము: విదేశమునకు పోవువారు, ఇచట కొన్న యంత్రమునకు అచట మరమ్మతు హామీ చెల్లునో లేదో సొమ్ము చెల్లింపకముందే వ్రాతమూలముగా తెలిసికొనవలెను.