పదహారు మందుల పాండిత్యం

ప్రభుత్వం ఒక వస్తువు మీద "ఇది యోగ్యమైనది" అని ముద్ర వేసినప్పుడు విజ్ఞులు మొదట అడగవలసినది ఆ వస్తువును గురించి కాదు, దానికి పెట్టిన పరీక్షను గురించి. అమెరికా వైద్యశాలల్లో రోగుల వివరాలను భద్రపరిచే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల సాఫ్టువేరుకు ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ చరిత్రను ఈమధ్య శ్రద్ధగా చదివాను. చదివినకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. విద్య వచ్చినవాడికీ, ప్రశ్నలు ముందే తెలిసినవాడికీ భేదం కనిపెట్టలేని పరీక్షాధికారి ఇచ్చే పట్టా, అసలు పట్టా లేకపోవటం కంటె ప్రమాదకరం.

అమెరికా గొడవ మనకెందుకు అనకండి. అక్కడి ఆసుపత్రుల్లో తెలుగు వైద్యులున్నారు, తెలుగు రోగులున్నారు. అటువంటి సాఫ్టువేరు రాసేవారిలోనూ, పరీక్షించేవారిలోనూ మన పిల్లలు ఉన్నారు. పైగా, ఆ దారిలోనే ఇప్పుడు మన దేశమూ నడుస్తున్నది.

ముందు పూర్వకథ. 2009 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం హైటెక్ చట్టం చేసింది. కాగితపు రికార్డులు మాని ఎలక్ట్రానిక్ రికార్డులను సార్థకంగా వాడే వైద్యుడికి మెడికేర్ పథకం కింద అయిదేళ్ళలో 44,000 డాలర్ల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. వాడనివారికి 2015 నుండి చెల్లింపులలో కోత. షరతు ఒక్కటే: వాడే సాఫ్టువేరు మీద ప్రభుత్వ ధ్రువీకరణ ఉండాలి. ఈ పథకాల మీద ఖర్చయినది మూడువేల కోట్ల డాలర్లకు పైమాటే. ఒక చేత బెల్లం, ఒక చేత బెత్తం; రెంటికీ నడుమ ఆ ముద్ర. ముద్ర ఉంటే సరుకు అమ్ముడుపోతుంది, లేకపోతే అంగడి మూసుకోవలసిందే. ఇక ముద్ర కోసం ఎవరు ఏమి చేస్తారో ఊహించటానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

2017 మే 31న అమెరికా న్యాయశాఖ ఒక రాజీని ప్రకటించింది. ఈక్లినికల్‌వర్క్స్ అనే పేరుపొందిన సంస్థ, దాని వ్యవస్థాపకులు, కొందరు ఉద్యోగులు కలిసి 15.5 కోట్ల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకొన్నారు. తప్పు చేసినట్లు సంస్థ అంగీకరించలేదు. కాని న్యాయశాఖ మోపిన అభియోగం వినదగినది. ప్రతి మందుకూ ఒక ప్రామాణిక సంకేతం ఉంటుంది. ఏ మందు రాసినా దాని సంకేతాన్ని పూర్తి జాబితా నుండి తీసుకొనగల శక్తి సాఫ్టువేరుకు ఉండాలని నియమం. ఆ శక్తిని కల్పించటానికి బదులు, పరీక్షలో అవసరమయ్యే పదహారు సంకేతాలను మాత్రం సాఫ్టువేరులో నేరుగా టైపు చేసి పెట్టారట! పరీక్ష నెగ్గింది. ముద్ర పడింది. మందుల మధ్య వైరుధ్యాలను సరిచూడటం, స్కానింగుల కోసం వైద్యుడు ఇచ్చిన ఆదేశాలను నమోదు చేయటం వంటి పనులు కూడా నమ్మదగినట్లు జరగలేదని అభియోగం.

నలభై ఏళ్ళకు దగ్గరగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. సంధిసూత్రం రాకుండా, "రామాలయము"ను విడదీయటం మాత్రం కంఠస్థం చేసి వచ్చే పిల్లవాణ్ణి ఎన్నోమార్లు చూశాను. వాడికి "దేవాలయము" ఇస్తే నోరు తెరుస్తాడు. బడిలో దానివల్ల పోయేది రెండు మార్కులు. ఆసుపత్రిలో పదిహేడవ మందు వచ్చినప్పుడు పోయేది మార్కులు కావు.

ఇది ఒక్క సంస్థ కథ అయితే ఇంత రాయను. 2019 ఫిబ్రవరిలో గ్రీన్‌వే హెల్త్ 5.725 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ప్రామాణిక వైద్య పరిభాషను వాడగల శక్తి తన సాఫ్టువేరుకు ఉన్నదని పరీక్షకులను నమ్మించటానికి పరీక్షకు పెట్టిన ప్రతిని మార్చిందని అభియోగం. 2023 జులైలో నెక్స్ట్‌జెన్ 3.1 కోట్ల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకొన్నది. పరీక్ష నెగ్గటం కోసమే తయారైన వేరొక ఉపకరణం మీద ఆధారపడిందని అభియోగం. ఈ రెండు సంస్థలూ తప్పును అంగీకరించలేదు. అయినా మూడు సంస్థల మీద, మూడు వేర్వేరు కాలాలలో ఒకే జాతి అభియోగం వచ్చినప్పుడు తప్పు విద్యార్థులదేనా? ప్రశ్నపత్రం కూర్చినవారిది కాదా?

ఈక్లినికల్‌వర్క్స్ వ్యవహారాన్ని బయటపెట్టినది పరీక్షాధికారి కాదు. న్యూయార్క్ నగర ప్రభుత్వంలో పనిచేసిన ఒక సాంకేతికోద్యోగి. అనగా, సాఫ్టువేరు నిజంగా పనిచేసే చోట దానిని చూసినవాడు. ముద్ర వేసినవారికి కనబడనిది వాడకంలో కనబడింది. దీనినుండి ప్రభుత్వం నేర్చుకోవలసిన పాఠం ఏమిటి? వైద్యశాలలకు వెళ్ళి, ముందుగా చెప్పకుండా చూడాలని కదా!

జరిగినది తలకిందులు. ధ్రువీకరణ సంస్థలు తామిచ్చిన ధ్రువీకరణలలో ఏటా కనీసం రెండు శాతాన్ని యాదృచ్ఛికంగా ఎంచి, క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని 2015 నాటి నియమం. ఆ రాజీ జరిగిన నాలుగు నెలలకే, 2017 సెప్టెంబరులో, ఈ నియమాన్ని పట్టుబట్టి అమలు చేయబోమని ధ్రువీకరణను పర్యవేక్షించే జాతీయ సమన్వయకర్త కార్యాలయం ప్రకటించింది. 2020 నియమావళి ఆ తనిఖీని ఐచ్ఛికం చేసింది. అదే 2017 ప్రకటనలో మరొక వరం: 55 ప్రమాణాలలో 30 ప్రమాణాలకు తయారీదారు "మేము పాటిస్తున్నాము" అని స్వయంగా చెప్పుకుంటే చాలు. నకలు రాసిన పిల్లవాడు పట్టుబడిన ఏడాదే, ఇన్విజిలేటరును ఇంటికి పంపి, సగానికి పైగా పత్రాలను పిల్లలనే దిద్దుకొమ్మన్నట్లు!

మంచిని మంచి అనవలసిందే. 2016 చివర వచ్చిన క్యూర్స్ చట్టం, సాఫ్టువేరు లోపాలను గురించి వైద్యులు నోరెత్తకుండా చేసే ఒప్పందపు షరతులకు అడ్డుకట్ట వేసింది. నిజమైన వాడకంలో పరీక్షించాలన్న నిబంధన కూడా దానివల్లనే వచ్చింది. కాని ఆ పరీక్షకు ప్రణాళిక వేసేదెవరు? తయారీదారు. జరిపేదెవరు? తయారీదారు. ఫలితం రాసి పంపేదెవరు? ఆయనే. ధ్రువీకరణ సంస్థలకు రుసుము చెల్లించేదీ ఆయనే. పరీక్షాధికారి జీతం పరీక్షార్థి ఇచ్చే చోట నిష్ఠ ఎంతకాలం నిలుస్తుంది?

"లక్షలాది మందులన్నిటినీ పరీక్షించటం సాధ్యమా మాస్టారూ?" అని సాఫ్టువేరు మిత్రులు అడుగుతారు. అక్కరలేదు నాయనా. ఏ ఉపాధ్యాయుడూ పుస్తకమంతా అడగడు. పది ప్రశ్నలే అడుగుతాడు. ఏ పది అన్నది మాత్రం ముందు చెప్పడు. అదీ పరీక్షంటే. "మరీ కఠినం చేస్తే చిన్న సంస్థలు చితికిపోవా?" అని మరొక వాదం. ప్రమాణాలను తగ్గించండి, అభ్యంతరం లేదు. ఉన్న ప్రమాణాన్ని మాత్రం నిజంగా పరీక్షించండి. నూరు ప్రమాణాలకు ఉత్తుత్తి పరీక్ష కంటె పదింటికి నిక్కమైన పరీక్ష మేలు.

ఇక మన సంగతి. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశవ్యాప్తంగా ఆరంభించింది. అందులో చేరదలచిన సాఫ్టువేరు కూడా పరీక్షలు దాటవలసిందే. కనుక ఇప్పుడే అడుగుదాం: ప్రశ్నలు గోప్యమా? వైద్యశాలలో ఆకస్మిక తనిఖీ ఉన్నదా? పరీక్షకుడి రుసుము ఎవరు ఇస్తున్నారు? లోపం చూసిన నర్సు, వైద్యుడు ఎవరికి చెప్పాలి? చెబితే అది ప్రజలందరికీ తెలుస్తుందా?

ముద్ర లేని సాఫ్టువేరును వైద్యుడు అనుమానిస్తాడు, రెండోసారి సరిచూసుకుంటాడు. ముద్ర ఉన్నదాన్ని నమ్ముతాడు. ఆ నమ్మకం కోసమే కదా ముద్ర! నమ్మకాన్ని పుచ్చుకుని జాగ్రత్తను తిరిగి ఇవ్వని ప్రభుత్వం, తూకపురాళ్ళకు ముద్ర వేసి త్రాసు ముఖం చూడని అధికారి వంటిది. అటువంటి ముద్రను ప్రశ్నించటం సాంకేతిక ప్రగతిని అడ్డుకోవటం కాదు. రోగి పక్షాన నిలబడటం.